మేక–పులి పటాన్ని మార్చి చేసిన ఆట: పులులే ఎందుకు గెలుస్తున్నాయి, ఆట ఎందుకు తెగట్లేదు

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు ఇది. మేక–పులి (పులిజూదం: పులులు మేకల మీదుగా దూకి తింటాయి, మేకలు పులుల్ని కదలకుండా కట్టేస్తాయి) పటాన్ని తీసుకుని, రెండు పక్కల నిలువు గీతల్ని అడుగు గీత దాకా పొడిగించి 23 చుక్కల్ని 25 చేశారు. 3 పులులు, 14 మేకలు పెట్టారు. పదిహేనో మేక బదులు పులి తినలేని ‘కాపరి’ అనే పావును చేర్చారు. కొత్తవాళ్లు ఆడితే పులులే గెలుస్తున్నాయి. ఆట తెలిసినవాళ్లు మేకలు పడితే గంట గడిచినా తెగట్లేదు. మేకల్ని పెంచాలా, పులుల్ని తగ్గించాలా అని అడిగారు.

ముందు పావుల లెక్క జోలికి వెళ్లకండి. మీకు వచ్చినవి రెండు వేర్వేరు జబ్బులు. మొదటిది మీరు పొడిగించిన గీతల వల్ల వచ్చింది, రెండోది కాపరి వల్ల. రెండూ పటం మీద వేలు పెట్టి లెక్కపెడితే తేలిపోతాయి.

పాత పటంతో మొదలుపెడదాం. పైన కొన దగ్గర ఒక చుక్క. అక్కణ్నుంచి నాలుగు గీతలు కిందికి దిగుతాయి. వాటిని మూడు అడ్డగీతలు కోస్తాయి. ఒక్కో అడ్డగీత రెండు పక్కలా బయటికి వచ్చి నిలువు గీతను తాకుతుంది కాబట్టి దాని మీద 6 చుక్కలు. అట్టడుగు గీత మీద 4. మొత్తం 1, 18, 4 కలిపితే 23. మాట్లాడుకోడానికి వీలుగా చుక్కలకు నంబర్లు ఇచ్చుకుందాం: 2-3 అంటే పైనుంచి రెండో అడ్డగీత మీద ఎడమ నుంచి మూడోది. అడుగు గీత మీద చుక్కలు పై వరసలకు సరిపోయేలా 4-2 నుంచి 4-5 దాకా. కొనను కొన అనే అందాం.

చుక్క నుంచి పక్క చుక్కకి నడిచే దారులు 38. పులి దూకాలంటే ఒకే తిన్నని గీత మీద వరసగా మూడు చుక్కలు కావాలి: ఒకదాంట్లో పులి, నడుమ మేక, అవతల ఖాళీ. అలాంటి మూడేసి చుక్కల వరసలు ఈ పటంలో 28 ఉన్నాయి. దిగే గీతల మీద 12, మూడు అడ్డగీతల మీద 12, అడుగు గీత మీద 2, పక్క గీతల మీద చెరొకటి.

ఈ 28 వరసల్లో దేంట్లోనూ నడిమికి రాని చుక్కలు ఏడు: కొన, 1-1, 1-6, 3-1, 3-6, 4-2, 4-5. వీటిలో కూర్చున్న మేకను పులి ఎటునుంచీ కొట్టలేదు. ఈ ఆటలో మేకల బలమంతా ఈ ఏడు చుక్కల నుంచే మొదలవుతుంది. మీరు 4-1, 4-6 కలిపినప్పుడు ఏమైందో చూడండి. 3-1 ఇప్పుడు 2-1కీ 4-1కీ నడుమ పడింది. 4-2 ఇప్పుడు 4-1కీ 4-3కీ నడుమ పడింది. కుడిపక్కా అంతే. పోయిన భద్రమైన చుక్కలు నాలుగు, వచ్చినవి రెండు, మిగిలినవి ఐదు. దూకే వరసలు 28 నుంచి 32కి పెరిగాయి. మేకలకు చోటు పెంచుదామని చేసిన మార్పు పులికి పనికొచ్చింది.

అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. పాత పటంలో మేకలు తెలిసి ఆడేవాళ్లు అంచు నుంచి కంచె కడతారు. ఒక వరసలో రెండు కొసల్లో ఏ ఒక్కదాంట్లో మేక ఉన్నా ఆ వరస మీద పులి దూకలేదు. మేకలన్నీ పటం ఎక్కేదాకా పెట్టిన మేక కదలదు కాబట్టి ఆ కాపలా గట్టిగా నిలుస్తుంది. పులులు కొనలో, 1-3లో, 1-4లో మొదలవుతాయనుకుందాం. అక్కణ్నుంచి 1-1కి, 1-6కి రెండు ఎత్తుల్లో చేరతాయి. కింది మూలలకు నాలుగు పడతాయి. అందుకే మొదటి రెండు మేకలు 1-1, 1-6. తర్వాత పులి ఏ వైపు దిగుతోందో చూసి 3-1, 3-6, 4-2, 4-5. ఈ ఆరు పడ్డాక 2-1, 2-6, 4-3, 4-4 వాటంతట అవే భద్రం, ఎందుకంటే వాటి మీదుగా పోయే ప్రతి వరసకూ ఒక కొసలో మేక ఉంది. ఆ తర్వాత 3-2, 3-5. ఆపైన 3-3, 3-4. ఇక్కడికి 14. పదిహేనోది 2-2లో పెట్టినా దాని పక్కన 2-1, కింద 3-2 కాపలా ఉన్నాయి. పులి మధ్యలో వచ్చి ఏదో ఒక చుక్క ఆక్రమించకపోతే 15 మేకలూ ఒక్కటి పోకుండా పటం మీదికి వచ్చేస్తాయి.

మీ 25 చుక్కల పటంలో ఇదే కంచె కట్టాలంటే అడుగున 6, మూడో గీత మీద 6, పక్కల 2-1, 2-6, 1-1, 1-6 కలిపి 16 పావులు కావాలి. మీ దగ్గర కాపరితో కలిపి 15. కంచె ఎప్పటికీ పూర్తికాదు. కొత్తవాళ్లు ఓడిపోతున్నారంటే వాళ్లకు ఆట రాకపోవడం ఒక కారణం, ఒక పావు తక్కువ పడటం ఇంకో కారణం. 25 చుక్కలే ఉంచాలని పట్టుదల ఉంటే మేకలు 17 చేయండి, పాత పటంలో లాగే కంచెకు ఒకటి అదనంగా మిగులుతుంది. నన్నడిగితే పొడిగించిన గీతల్ని చెరిపేసి 23కి తిరిగి వెళ్లమంటాను. 17 పెడితే మేకలు పెట్టే దశ సాగుతుంది, అదేమో ఆటలో కాస్త నెమ్మదైన భాగం.

కంచెకు వ్యతిరేకంగా పులి ఏం చేయగలదన్నది కూడా తెలియాలి, లేకపోతే మీ పరీక్షలు ఒంటి కాలి మీద నడుస్తాయి. పులి చేయాల్సింది కంచెలోని చుక్కను ముందే పట్టుకోవడం. 3-1లో పులి కూర్చుంటే 3-2లో పెట్టిన మేక 3-3 ఖాళీగా ఉన్నంతసేపూ ప్రమాదంలో ఉన్నట్టే. మేకలవాళ్లు ఇక్కడే తప్పు చేస్తారు: పులి పక్క చుక్కలో ముందు పెడతారు. పెట్టాల్సింది పులి దూకి దిగబోయే చుక్కలో. 3-3లో ముందు, 3-2లో తర్వాత. అప్పటికే 4-3లో మేక ఉంటే 3-3కి నిలువుగా భయం లేదు. ఇదొక్కటి నేర్పిస్తే కొత్తవాళ్ల ఆట ఒక్కసారిగా మారిపోతుంది.

పులిని కట్టేయడానికి ఎన్ని మేకలు కావాలన్నది కూడా చోటుని బట్టి మారుతుంది. పాత పటంలో ఒంటరి పులి 1-1, 2-1, 3-1, 4-2 లాంటి చోట్ల ఉంటే 4 చాలు: పక్క చుక్కలు, వాటి వెనక దిగే చుక్కలు. 4-3, 4-4లో 5. 1-2, 3-2 లాంటి చోట 6. 1-3, 2-2, 3-3 లాంటి చోట 7. కొనలో, 2-3లో, 2-4లో 8. పులి మధ్యలో ఉన్నంతకాలం దాన్ని కట్టడం గగనం. అందుకే మంచి పులి ఆటగాడు అంచుకు వెళ్లి మేకను తిన్నా వెంటనే లోపలికి వచ్చేస్తాడు. మీ పటంలో 3-1, 4-2లకు కూడా 4 బదులు 5 కావాలి. గీతలు కలిపితే కట్టు కూడా కష్టమవుతుందన్నమాట.

ఇక కాపరి సంగతి. మేకలన్నీ పెట్టడం అయిపోయాక పులికి ఉన్న అసలు ఆయుధం దూకడం కాదు, మేకలు కదలక తప్పకపోవడం. పైన చెప్పిన కంచె పూర్తయిన స్థితి చూడండి. 3-5లోని మేక 2-5కి కదిలితే వెనక 3-5 ఖాళీ అయింది. 1-5లో పులి ఉంటే 2-5 మీదుగా దూకి 3-5లో దిగుతుంది. 2-6 నుంచి 2-5కి వస్తే 2-4లోని పులికి అదే అవకాశం. కంచెలో నుంచి వేసే ప్రతి అడుగూ వెనకాల ఒక దిగే చుక్కను తెరుస్తుంది. పులులు వాటికి ఎదురుగా నిలబడి ఎదురుచూస్తే చాలు.

మీ కాపరి ఈ ఒత్తిడిని పూర్తిగా తీసేశాడు. కాపరిని 1-1లో ఉంచి 1-2కి, మళ్లీ 1-1కి, మళ్లీ 1-2కి తిప్పుతూ ఉండొచ్చు. మామూలు మేక అలా చేస్తే 1-3లో ఉన్న పులి దాన్ని తినేసి 1-1లో దిగుతుంది. కాపరిని తినలేదు. 1-1 ఖాళీ అయినా 2-1కి భయం లేదు, 3-1లో మేక ఉంది కదా. అంటే మేకలవైపు ఎన్ని ఎత్తులైనా వృథాగా గడిపేయొచ్చు. తెలిసినవాళ్లు ఆడితే ఆట తెగకపోవడానికి కారణం అదే, వాళ్ల తప్పేం లేదు. కాపరిని ఉంచాలంటే రెండు మార్గాలు. పెట్టాక అసలు కదలని పావుగా చేయండి, లేదా కాపరి వరసగా రెండు ఎత్తులు కదలకూడదని రాయండి. రెండోదే మేలు. ప్రతి రెండో ఎత్తుకూ ఏదో ఒక మేక కదలాల్సి వస్తుంది కాబట్టి పులి ఒత్తిడి సగమైనా మిగులుతుంది. కాపరికి ఇంకా శక్తులు కలపొద్దు. పులిని వెనక్కి తోయడం, మేకను తిరిగి తేవడం లాంటివి కాగితం మీద బాగుంటాయి, ఆటలో పేచీలే పెంచుతాయి.

ఇలాంటి తూకం సమస్యలు కొత్తవి కావు, పాత ఆటల్లో వాటికి చేసిన చికిత్సలు చూస్తే మీకు పనికొస్తాయి. యూరప్‌లో నక్క–బాతుల ఆట 33 చుక్కల సిలువ ఆకారం పటం మీద ఆడేవారు. మొదట్లో బాతులు 13. తర్వాత 17 చేసినప్పుడు వాటి కదలికల్ని కట్టడి చేశారు: వెనక్కి వెళ్లకూడదని. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నారు. అదే సిలువ పటం మీద వచ్చిన అసాల్టో అనే ఆటలో 24 మంది సైనికులు, ఎదురుగా ఇద్దరు అధికారులు. కోటలోని 9 చుక్కలూ నిండితే సైనికులదే గెలుపు. అధికారి తినగలిగి తినకపోతే అతన్నే పటం మీంచి తీసేస్తారు. ఈ ఒక్క నియమంతో సైనికులు ఎర వేయడం నేర్చుకున్నారు. మీ ఆటలో పులి మరీ బలంగా అనిపిస్తే, పావుల సంఖ్య ముట్టుకోకుండా ‘తినగలిగితే తినాల్సిందే’ అన్నది పెట్టి చూడండి. పులి తత్వం మాత్రం బాగా మారిపోతుంది, ఎరలకు లొంగే పులి అవుతుంది. నాకు అంత నచ్చదు, కానీ కొందరికి భలే ఇష్టం.

టబ్లుట్ కథ ఇంకా తమాషా. 1732లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఉత్తర యూరప్‌లోని లాప్లాండ్ ప్రయాణంలో ఈ ఆట చూసి రాసుకున్నాడు: 9×9 గళ్లు, నడుమ రాజు, అతనికి 8 మంది, చుట్టూ 16 మంది దాడి చేసేవాళ్లు. ఆ డైరీ 1811లో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు రాజును పట్టే నియమం తప్పుగా తర్జుమా అయింది. సింహాసనం (నడిమి గడి) దగ్గర మాత్రమే వర్తించాల్సిన ‘నాలుగు వైపులా చుట్టాలి’ అన్నది ఎక్కడైనా వర్తించేలా చదువుకున్నారు. దాంతో ఆట రాజువైపు ఒరిగిపోయి, దాన్ని సరిచేయాలని చాలామంది కొత్త కొత్త నియమాలు కలిపారు. పావులు కలిపి, తీసేసి తూకం చూసే ముందు పట్టే నియమం, తినే నియమం చూడాలని చెప్పేది ఇందుకే.

మనకు దగ్గరి చుట్టం నేపాల్ బాగ్‌చాల్. 5×5 పటం, 25 చుక్కలు, నాలుగు మూలల్లో 4 పులులు, 20 మేకలు. అక్కడ దూకే వరసలు 40. మేక ఎప్పటికీ తినబడని చుక్కలు ఆ నాలుగు మూలలే, అవీ మొదట్లో పులుల కిందే ఉంటాయి. అంత పులి పక్షపాతం ఉన్న పటంలో మేకల్ని నిలబెట్టింది సంఖ్య: 25 చుక్కలకు 24 పావులు. 5 మేకలు పోతే పులుల గెలుపు అని గీత గీశారు. ఇద్దరూ తప్పు లేకుండా ఆడితే ఆట డ్రా అని కంప్యూటర్‌తో పూర్తిగా లెక్కగట్టి నిరూపించారు కూడా. మీ 25 చుక్కల మీద 18 పావులే ఉన్నాయి, పోల్చి చూడండి.

ఆ ‘5 మేకలు’ లాంటి గీత మీ నియమాల్లో లేదు, ఉండాలి. చాలా ఊళ్లలో ‘ఇక కట్టలేవు, ఒప్పుకో’ అనిపించేదాకా ఆడతారు, కానీ అది వాదనకు దారి తీస్తుంది. పాత పటంలో మూడు పులులూ 1-1, 2-1, 3-1లో చిక్కుకుంటే 1-2, 1-3, 2-2, 2-3, 3-2, 3-3లలో 6 మేకలు చాలు వాటిని కట్టేయడానికి. పులి ఆటగాడు నిద్రపోతే తప్ప అలా జరగదు, కానీ ‘6 మేకలతో అసాధ్యం’ అని ఎవరూ వాదించలేరు. కాబట్టి 5 తింటే పులుల గెలుపు అని మొదలుపెట్టండి. తూకం సరిచేయాలంటే ముందు ఈ అంకెనే 4కో 6కో మార్చండి. మేకల సంఖ్య మారిస్తే మొదటి ఎత్తు నుంచే ఆట మారిపోతుంది. ఈ అంకె మారిస్తే చివరి భాగమే మారుతుంది, అంచేత ఫలితం ఎటు జరిగిందో స్పష్టంగా కనిపిస్తుంది.

ఆట తిరిగిన చోటే తిరగడం మీద కూడా నియమం కావాలి. మేకలన్నీ పెట్టాక పాత స్థితి మళ్లీ రాకూడదనే నియమం బాగ్‌చాల్‌లో ఉంది. కంప్యూటర్ మీద సుళువు, చాప మీద కూర్చుని ఆడేవాళ్లకి గుర్తుండదు. దానికి బదులు: చివరి మేక పెట్టాక ఒక్క మేక కూడా పోకుండా ఇద్దరూ చెరో 30 ఎత్తులు వేస్తే ఆట ఆగుతుంది. అప్పటికి పోయిన మేకలు 2 లేదా తక్కువైతే మేకల గెలుపు, అంతకన్నా ఎక్కువైతే డ్రా. ఇందులో అంకెలు మీ ఇష్టం, ఎవరివైపు మొగ్గాలో ముందే తేల్చి ఉండటం ముఖ్యం.

నియమాల కాగితంలో ఇంకొన్ని పేచీలు ముందే తెంచేయండి. పులి కొన మీదుగా వంగి దూకకూడదు: 1-2 నుంచి కొన మీది మేకను దాటి 1-5లో దిగడం తొండి, అది తిన్నని గీత కాదు. ఒక ఎత్తులో ఒకే మేక. వరసగా దూకనిస్తే 3-1లో పులి, 3-2లో మేక, 3-3 ఖాళీ, 3-4లో మేక, 3-5 ఖాళీ అన్నచోట ఒక్క ఎత్తుకి రెండు పోతాయి, ఒకటి విడిచి ఒకటి పెట్టిన కంచె కుప్పకూలుతుంది. మేకలన్నీ పెట్టేదాకా ఏ మేకా కదలదు. ఒక పులి కదల్లేకపోతే ఆట అవ్వలేదు, మూడూ కట్టుబడితేనే. పులి పులి మీదుగా దూకదు. ఎత్తు వదులుకోవడం ఎవరికీ కుదరదు.

పటం తయారీలో ఒకటే చిక్కు: కొన దగ్గర నాలుగు గీతలు ఇరుకైపోయి మొదటి అడ్డగీత మీద పావులు ఒకదానికొకటి తగులుతాయి. ఎత్తు 36 సెం.మీ., అడుగు గీత మీద చుక్కల మధ్య 9 సెం.మీ. తీసుకుంటే, మొదటి అడ్డగీతను కొన నుంచి 16 సెం.మీ. కిందికి పెట్టండి, అక్కడ చుక్కల మధ్య 4 సెం.మీ. వస్తుంది. మిగతా రెండూ 22, 29 దగ్గర. పక్క గీతలు నడిమి నుంచి 15 సెం.మీ. దూరంలో. పావులు 20–22 మి.మీ. ఉంటే సరిపోతాయి. (మీ పొడిగింపు ఉంచితే ఇక్కడా చిక్కే: అడుగున 4-1, 4-2 మధ్య 1.5 సెం.మీ. మాత్రమే మిగులుతుంది, పక్క గీతల్ని 17.5కి జరపాలి.) రంగు ఒక్కటే చాలదు, పులి పావు ఎత్తుగా కూడా ఉండాలి. చింతగింజలు, గులకరాళ్లతో ఆడినప్పుడు ఎవరూ తికమకపడకపోవడానికి కారణం అదే. భద్రమైన ఏడు చుక్కల చుట్టూ చిన్న వలయం ముద్రించండి. కొత్తవాళ్లకు రెండు పేజీల సలహాలకన్నా అదే ఎక్కువ నేర్పుతుంది.

పరీక్ష ఆటల్లో ఎవరు గెలిచారన్నది ఒక్కటే రాసుకుంటే లాభం లేదు. మొదటి మేక పోయినప్పుడు పటం మీద ఎన్నో మేక పెడుతున్నారో, ఏ చుక్కలో పోయిందో రాయండి. పాత పటంలో పదో మేక లోపల పోతోందంటే అది ఆట తప్పు కాదు, వలయాలూ నేర్పడమూ చాలు. 11 నుంచి 15 మధ్య మళ్లీ మళ్లీ ఒకే చుక్కలో పోతోందంటే ఆ చుక్క మీదుగా పోయే గీతల్ని అనుమానించండి. అన్నీ పెట్టాకే పోతోందంటే 5 అనే అంకెను చూడండి. ప్రతి జంటా పక్షాలు మార్చుకుని రెండేసి ఆటలు ఆడాలి, లేకపోతే మీరు కొలిచేది మనిషిని, ఆటను కాదు. 20 ఆటల్లో 12–8 వస్తే దానికి అర్థం ఏమీ లేదు, సరిసమానమైన ఆటలోనూ మామూలుగా వస్తుంది. ఒక పక్షానికి 15 దాటితే మాత్రం అంకె కదపండి. ఒక విడతకు ఒకే మార్పు.